పేరమ్మ బోర్లించిన కుండ

అల్లూరుకు తూర్పున, ఉప్పుటేటి పక్కన పేరమ్మకు ఉన్నది ఒకటే ఎకరం. మొగుడు పోయాక ఇరవై ఏళ్లు ఒంటిచేత్తో దాన్లోనే మొలగొలుకుల వరి పండించింది. నాట్లయిన వారానికి సాయంత్రం పూట ఒక దుబ్బు మీద కుండ బోర్లించేది. తెల్లారి ఎత్తితే ఆకుల కొసల్లో నీటిబొట్లు వేలాడుతుండాలి. కుండ కింద మంచు పడదు. కాబట్టి ఆ నీళ్లు మొక్కవే. వేరు బతికుంటే రాత్రంతా నీరు తోడి, ఎక్కువైంది ఆకు కొసన వదిలేస్తుంది. నేను కాలేజీలో చదివింది ఆమె కుండతో తెలుసుకుంది.

పంతొమ్మిది వందల అరవై మూడు కార్తీకంలో ఏటికట్ట తెగి, ఉప్పునీళ్లు రెండు రోజులు ఆమె మడిలో నిలిచాయి. పైరు చచ్చుంటే, కాలవనీళ్లతో ఉప్పు కడిగి, మిగిలిన నారు మళ్లీ నాటాలి. ఆ నారు తనకిమ్మని పక్క చేను కామాక్షయ్య అడుగుతున్నాడు.

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. నీళ్లు తీసిన పొద్దున జ్వరంతో ఏడుస్తున్న పదినెలల పాపను ఎత్తుకుని గట్టు మీదికి వచ్చాను. పైరంతా నీటిబొట్లతో మెరుస్తోంది.

“పేరమ్మక్కా, చూడు! వేరు బతికే ఉంది.”

“ఉండు టీచరమ్మా. నా కుండ వరదకు పోయింది. పక్కింటి ఎస్తేరమ్మనడిగి ఇంకోటి తెస్తా.”

“కుండెందుకు, కళ్లకు కనబడుతుంటే?”

నారు కోసం వచ్చి నిలబడ్డ కామాక్షయ్య నవ్వాడు. “చదూకున్నామె చెప్తావుంటే ఇంకా కుండంటావేంది వదినా! నీ కుండ ఏం పరీక్ష పాసయింది?”

పేరమ్మ కాసేపు నా మొహం చూసింది. తర్వాత కామాక్షయ్యను నారు పీక్కోమంది.

ఆకు పొడుగునా పట్టేది మంచు, కొసన నిలిచేది మొక్క నీరు. బోర్డు మీద బొమ్మ వేసి నేను చెప్పే పాఠమే అది. పాప నుదురు తడుముతూ ఆకును సరిగా చూడలేదు.

నాలుగో రోజుకు ఆకులు చుట్టుకున్నాయి. పేరమ్మ కుండ అడిగి తెచ్చి బోర్లించింది. తెల్లారి నా ముందే ఎత్తింది. బయటి ఆకులన్నీ తడి. కుండ కిందివి కొసలదాకా పొడిగా ఉన్నాయి.

“కామాక్షయ్యనడిగి నారు...” అన్నాను.

“నాటేసినాడు గదమ్మా. పాపకు జరం తగ్గిందా?”

తగ్గిందని తలూపాను.

ఆమె ఇంటికెళ్లి ఎనుమును తోలుకొచ్చి, చచ్చిన పైరు మేయమని మడిలోకి వదిలింది. మాఘంలో కామాక్షయ్య చేలో కోతకు కూలికి వచ్చింది. తన నారు పెరిగిన పైరునే కోసింది.