కింది నీళ్ల రంగు

ప్రయోగశాలలో గాజుసామాను కడిగే పిన్ని తోమిన సీసా మీద ఈగ వాలితే జర్రున జారిపోయేది. ఏ సీసానైనా వెలుతురుకెత్తి చూడందే ఆవిడ పారబోసేది కాదు.

బంతిలాంటి కర్బన అణువుకు కొత్త తోకలు తగిలించి, నీళ్లలో కరిగేలా చేస్తేనే అది మందుకు పనికొస్తుంది. ఆర్నెల్లుగా కుదరక, ఇదే ఆఖరి ప్రయత్నమనుకుంది పరిశోధకురాలు. అడుగున బిరడా ఉన్న గాజు గరాటులో నీళ్లపైన తేలే ద్రావకం అందులో కరిగిన బంతులిచ్చే ఊదారంగు పోయి తెల్లబోయింది.

"అంతా పాడైంది పిన్నీ, పారబొయ్యి."

పిన్ని గరాటును కిటికీ దగ్గర ఎత్తిపట్టింది. "ఉండవే తల్లీ! మరి కింది నీళ్లు టీ రంగుకెందుకు తిరిగాయి? నీ బంతులు పైనుంచి బజారుకెళ్లాయా, కిందికి దిగాయా?"

పరిశోధకురాలు వంగి చూసింది. కెవ్వున అరిచి పిన్నిని వాటేసుకుంది.

"వదలవే పిచ్చిదానా, ఒలికిపోతాయి!"