గ్రహశకలానికి బారసాల

గ్రహశకలాలు వెతకడానికి ఆకాశంకేసి చూడక్కర్లేదని మా రేవుపేట వాట్‌గంజ్‌లో ఎవరికీ నచ్చజెప్పలేకపోయాను. ఆదివారం పొద్దున్న అమ్మ చేపలు తోముతుంటే, నేనూ, భవానీపూర్ నుంచి వచ్చే నా బెంగాలీ స్నేహితురాలూ మంచం మీద బోర్లా పడుకుని లాప్‌టాప్‌లో వెతికేవాళ్ళం. ఎక్కడో పరాయి దేశంలో, కొండ మీది అబ్జర్వేటరీలో తీసిన ఫొటోలు మా కాలేజీ జట్టుకి వచ్చేవి. ఆకాశంలో ఒకే ముక్కని ఆగి ఆగి తీసిన నాలుగు ఫొటోలు. వాటిని ఒకదాని వెంట ఒకటి గబగబా తిప్పితే నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. ఏ చుక్కయినా కదిలిందా, అది గ్రహశకలం కావచ్చు.

"మేడెక్కి సూడకుండా మంచమ్మీద పడుకొని సుక్కలెతుకుతారేటే?" అని నాయనమ్మ దెప్పేది. మేడెక్కితే మాత్రం రేవు దీపాలు తప్ప ఏం కనబడతాయి కనక!

ఒక ఆదివారం నిజంగానే చుక్క కదిలింది. ఆవగింజంత బూడిదరంగు చుక్క, నాలుగు ఫొటోల్లో నాలుగు చోట్ల, గీత గీసినట్టు వరసగా. నేను కెవ్వుమన్నాను. స్నేహితురాలు నా జుట్టు పట్టుకుని ఊపేసింది. ఇదివరకు తెలిసినవేవీ ఆ చోట లేవు. వెంటనే రిపోర్టు పంపేశాం. అది నిజమైనదో, కెమెరా మీది మరకో, ఎవరైనా ముందే చూసేశారో శాస్త్రవేత్తలు తేల్చాలి. కొత్తదని తేలితే, ఎన్నేళ్ళకైనా సరే, ఏం పేరు పెడదామని కనిపెట్టినవాళ్ళనే అడుగుతారు.

ఈ చివరి ముక్క నాయనమ్మ చెవిన పడింది. ఇంకేముంది!

"పేరెట్టకుండా ఎన్నాల్లుంచుతారు? ఇరవయ్యొకటో నాడు బారసాల సేసీవాల," అని తీర్మానించేసింది. మేడ మొత్తం తగువులో దిగింది. నాయనమ్మ తన ఊరి అమ్మవారి పేరంది. అమ్మ వాళ్ళమ్మ పేరంది. కింది వాటా బెంగాలీ దాదా ఎవరో ఫుట్‌బాల్ ఆటగాడి పేరు పెట్టకపోతే మిష్టి, అదే మిఠాయి, ముట్టనన్నాడు. నా స్నేహితురాలైతే ముందు ఇంట్లో పిలుచుకోడానికి ముద్దుపేరొకటి పెట్టేద్దాం, అసలు పేరు తర్వాత చూసుకోవచ్చంది. నేనూ వాళ్ళతో కలిసి కిలకిలా నవ్వేదాన్ని గానీ లోపల గుబులు. అది మాది కాకపోతే? మళ్ళీ ఈ మెట్ల మీద తలెత్తుకుని ఎలా నడవను? సంబరం ఒకపక్క, భయం ఒకపక్క, అన్నం సయించేది కాదు.

బారసాల పొద్దున్నే జవాబొచ్చింది. చుక్క నిజమైనదే. కానీ చాలా ఏళ్ళ కిందట వేరే అబ్జర్వేటరీ వాళ్ళు దాన్ని కొన్నాళ్ళు చూసి, తర్వాత జాడ పోగొట్టుకున్నారట. కనిపెట్టిన ఘనతా, పేరు పెట్టే హక్కూ వాళ్ళవే. మేం మళ్ళీ పట్టుకున్నామంతే.

అప్పటికే గదినిండా జనం. పళ్ళెంలో బియ్యం, మిష్టి పెట్టెలు, నాన్న చేతిలో ఉంగరం. గోడకి ఆనుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెబుతుంటేనే ఏడుపొచ్చేసింది.

"అంటే ఏటి? తప్పిపోయినదాన్ని ఎతికీసినావా?" అంది నాయనమ్మ.

"ఊఁ."

"మరేడుస్తావేటే! ఓలమ్మో, తప్పిపోయిన సుక్కని మా గుంట ఎతికీసిందర్రా!"

దాదా వాళ్ళావిడ, మా బౌది, శంఖం పూరించింది. స్నేహితురాలు వాళ్ళ శుభకార్యాల్లోలా ఉలూలూ అంటూ గది దద్దరిల్లేలా అందుకుంది. ఫుట్‌బాల్ దాదా పంతం మరిచిపోయి రెండు మిష్టిలు ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు. నాకు ఏడుపులోనే నవ్వొచ్చి వెక్కిళ్ళు పట్టుకున్నాయి.

రాయడానికి పేరు లేదు కదా అని అమ్మ పళ్ళెం తీయబోయింది.

"ఉండు," అన్నాడు నాన్న, నాకేసి చూపిస్తూ. రేవులో బరువులు దించే మనిషి, నలుగురిలో నోరు విప్పడు. "దీని బారసాలకి నాను లేను. ఓడొచ్చిందని సెలవియ్యలేదు. పేరు మీ తమ్ముడు రాసినాడు."

పళ్ళెం ముందు బాసింపట్టు వేసుకుని, ఉంగరంతో బియ్యంలో మెల్లగా రాయడం మొదలెట్టాడు. అందరూ వంగి చూస్తున్నారు. అప్పటికి నాకు తెలుగు చదవడం అంతంతమాత్రం. వెక్కిళ్ళ మధ్యనే, కూడబలుక్కుంటూ, నా పేరు నేనే పైకి చదివాను.