జారిపడిన కాగితాలు

ఇంగ్లండ్‌లోని లీడ్స్ కోర్టులో బీమా కంపెనీల తరఫున వాదించే బారిస్టర్ నైజెల్ థర్స్‌బీకి మనుషుల ముఖాలు గుర్తుండవు, మెడలూ నడుములూ గుర్తుంటాయి. ప్రమాదంలో దెబ్బ తగిలిందన్న ప్రతివాడూ బీమా కంపెనీని దోచుకోవడానికే పుట్టాడని ఆయన పవిత్ర విశ్వాసం. వాన వెలుగు కిటికీల మీద బూడిదరంగు పావురంలా వాలే ఉదయాల్లో, నడవలో టీ చప్పరిస్తూ, కుంటడం మరిచిపోయినవాళ్ల కోసం భక్తిగా ఎదురుచూస్తాడు. ఆ రోజు వంతు డోరీన్‌ది. ఆఫీసులు తుడిచే ఆమెకు బస్సు ప్రమాదంలో నడుము దెబ్బతింది, నష్టపరిహారం కోసం దావా వేసింది. ఓడితే మోసగత్తె అన్న ముద్ర పడుతుంది, ఉన్న పనీ పోతుంది. ఆమె ముందుకు రాగానే థర్స్‌బీ చేతిలో కాగితాలు ఎంతో సహజంగా జారిపోయాయి. ఆమె వంగి, ఒక్కొక్కటే ఏరి ఇచ్చింది.

గంట తర్వాత బోనులో నిలబడ్డ ఆమెను తేనె పూసిన గొంతుతో అడిగాడు: "ఇందాక నడవలో వంగింది ఎవరమ్మా?"

"నేనే నాయనా. మీరు పెద్దవారు, అవస్థ పడతారేమో అనుకున్నా. ఆ తర్వాత నొప్పికి బాత్రూంలో కూర్చుని ఏడ్చా. మీరు థాంక్స్ కూడా అన్లేదు."

థర్స్‌బీ విజయగర్వంతో జడ్జి వైపు తిరిగాడు. పొద్దుటి నుంచి కదలని జడ్జి కలం ఇప్పుడు పరుగెడుతోంది.

"ఆ ఏడ్చిన మాట, థాంక్స్ మాట మళ్లీ చెప్పండమ్మా," అంది జడ్జి, "పొల్లుపోకుండా రాసుకోవాలి."