అమ్మమ్మ చెయ్యి పడిన తవుడు

మా పక్కింటి జపాను ఆవిడ పోయిందని శుక్రవారం పొద్దున మా కోడలు చెప్పింది. ఆ నోటితోనే, "ఇక మీరు ఆ కంపులో చెయ్యి పెట్టక్కర్లేదు మామయ్యగారూ," అంది. నాకు ఒళ్ళు మండింది.

కంపు నిజమే. చదివేవాళ్ళు ముక్కు మూసుకోవచ్చు. ఆవిడ గరాజ్‌లో చెక్క తొట్టె, దాని నిండా ఉప్పు కలిపిన తడి తవుడు. అందులో ముల్లంగో వంకాయో పాతిపెట్టి, మర్నాడు తీసి కడిగి అన్నంలో నంజుకునేది. మా వైపు తవుడు గేదెలకి పెడతాం. ఊరగాయ జాడీలో తడి చెయ్యి పెడితే మా అమ్మ వీపు వాయగొట్టేది. ఈవిడ రోజూ మోచేతి దాకా పెట్టి కలిపేది. మొదటిసారి చూసి గరాజ్ బయటికి వచ్చేశాను నేను.

మా ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపినా ఒక మనిషికి చాలదు. అయినా కొంత తెలిసింది. వాళ్ళది కొండల్లో పల్లె. చలికాలం మంచు కిటికీల పైదాకా పేరుకునేది. అన్నాళ్ళూ కూరంటే ఆ తొట్టెలోదే. వాళ్ళ అమ్మమ్మ పక్కన కూచోబెట్టుకుని కలిపించేదట. పెళ్ళయి అమెరికా వస్తూ గుప్పెడు తవుడు ఎండబెట్టి మూటగట్టి తెచ్చుకుంది. పాలకి తోడేసినట్టు ఇక్కడి తవుడులో కలిపింది.

"రోజూ చెయ్యి పెట్టాలి. లేకపోతే చచ్చిపోతుంది. మా అమ్మమ్మ చెయ్యి ఉంది ఇందులో," అనేది.

ఆస్పత్రికి వెళ్తూ గరాజ్ తాళంచెవి నా చేతిలో పెట్టింది. "మీరు మాట్లాడరు. తవుడుకి అలాంటి మనిషే కావాలి," అని నవ్వింది. అమెరికాలో ఈ క్యారీ ఊరు వచ్చాక నాకొక పని అప్పజెప్పింది ఆవిడ ఒక్కతే.

రోజూ కలిపాను. గోళ్ళలోంచి కంపు పోయేది కాదు. కోడలు నాకు వేరే సబ్బు పెట్టింది. ఆవిడ పోయాక శనివారం కూడా వెళ్ళి కలిపాను.

ఆదివారం ఆవిడ కూతురు వచ్చింది, ఇల్లు అమ్మకానికి పెట్టాలని. గిన్నె పట్టుకుని వెళ్ళాను.

"కొంచెం తవుడు ఇవ్వమ్మా. నేను చూసుకుంటాను."

"అదా? అంతా రాటన్ సర్. ట్రాష్‌లో పడేశా. డబ్బా కెలికే రకూన్లు రాకుండా బ్లీచ్ కూడా పోశా."

"మీ అమ్మ..." అన్నాను.

"మమ్మీకి ముక్కు పనిచేసేది కాదు. మీకూ అంతేనా?" అని నవ్వింది.

ఇల్లంతా నిమ్మకాయ స్ప్రే కొట్టింది. ఆ వాసనకి నేను ముక్కు మూసుకున్నాను.

బయటికొచ్చి చెత్త డబ్బా మూత ఎత్తాను. తవుడు సున్నంలా తెల్లబడి నురగ కక్కుతోంది. అందులో, నేను శనివారం పాతిన కీరా దోసకాయ. ఒక పక్క ఇంకా పచ్చగా ఉంది.