ఓలి కింద ఊళ్ళు

ఆ రోజుల్లో నా ఫోన్లోంచి పోయినవాటిని ఇప్పుడు కూర్చుని లెక్క కడితే నవ్వొస్తుంది గాని, అప్పుడు ఒక్కటీ నష్టమనిపించలేదు. రైలు టికెట్టు తీసే యాప్ పోయింది, కరెంటు బిల్లు కట్టేది పోయింది, తెలుగులో చెబితే తెలుగులో రాసుకునేదీ పోయింది. అన్నీ నేనే తీసేశాను. అరకులో కాఫీ గింజలు తూచే పనిలో చేరిన కొత్తలో శిక్షణకని విశాఖ వెళ్తే, ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో ఒకాయన చెప్పాడు. ఆ యాప్‌లు చాలావరకు ఎవరెవరో జీతం లేకుండా రాస్తారట, లోపలి రాతంతా ఎవరైనా చదవొచ్చట, దిద్దొచ్చట. పదో తరగతి దగ్గర ఆగిపోయి లెక్కలు సొంతంగా నేర్చుకున్న నాకు ఆ మాట దేవుడు కనబడ్డట్టే ఉంది. తిరుగు బస్సు ఘాటీ ఎక్కేలోపు, అలాంటివి కానివన్నీ తీసేసి ఫోనంతా శుద్ధి చేసేశాను. తీసేసినవాటిలో సగానికి బదులు దొరకలేదు. (దొరకనివి నాకు అక్కర్లేనివేనని తేల్చుకున్నాను. భక్తుడి లెక్క అలాగే ఉంటుంది.)

దొరికినవాటిలో నన్ను కట్టిపడేసింది మ్యాపు. సిగ్నల్ లేకపోయినా లోకమంతా జేబులో ఉండేది. నేను పేరు కూడా పలకలేని దేశంలో ఏ వీధి చివర మంచినీళ్ళ కుళాయి ఉందో ఎవరో నడిచి వెళ్ళి గుర్తు పెట్టారు. తూకం ఖాళీగా ఉన్నప్పుడల్లా నోరు తెరుచుకుని ఆ కుళాయిలు చూస్తుండేవాణ్ణి. మా కొండల దగ్గరికొస్తే మాత్రం, పెదబయలు దాటాక ఆకుపచ్చ రంగు తప్ప ఏమీ లేదు.

ఆ ఆకుపచ్చలోనే నాకొక సంబంధం వచ్చింది. పిల్లను సంతలో రెండుసార్లు చూశాను, నచ్చింది. మాలో పిల్లనడగడానికి వెళ్ళేవాళ్ళు పసులు ఇల్లు చేరేలోపు వాకిట్లో ఉండాలి. ఆలస్యమైతే మనసు లేదని లెక్క, ఆ మాట మళ్ళీ ఎత్తరు. నేనూ మా మేనత్తా జీపు దిగేసరికి తారు రోడ్డు అయిపోయింది. అత్త ఎవరినైనా అడుగుదామంది. నేను ఫోను తీశాను. ఆకుపచ్చ నడుమ నీలం చుక్క ఒకటి మెరుస్తోంది.

"ఏటి సేత్తన్నావురా? ఊరు కనబడిందేటి?"

"నేదత్తా. మనం కనబడతన్నాం."

"మనం ఇక్కడున్నావని నాకు తెల్దేటి?"

అంతలో అడ్డాకుల మోపుతో ఒక ముసలమ్మ ఎదురైంది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, ఆ ఊరు రెండు చుట్టల దూరమని చెప్పింది. మా నాన్న చుట్ట పావుగంటకు అయిపోయేది. రెండు పావులు అరగంట. లెక్క ఇంత తేలిగ్గా తేలినందుకు సంబరపడి, అత్త బేగి నడవమంటున్నా వినకుండా, వాగులో కాళ్ళు కడిగి, తల దువ్వి, చొక్కా కూడా మార్చాను. అడ్డపొగ చుట్ట మెల్లగా కాలుతుందనీ, ముసలమ్మలు దాన్ని మధ్యలో ఆర్పి చెవిమీద దోపుకుని మళ్ళీ వెలిగిస్తారనీ, ఒక్కటే సగం రోజు వస్తుందనీ మూడో కొండ ఎక్కుతుండగా అత్త చెప్పింది. (ముందే ఎందుకు చెప్పలేదంటే, నేను అడగలేదంది. నిజమే.)

మేము చేరేసరికి పసులు కట్టుగొయ్యల దగ్గర నెమరేస్తున్నాయి. పిల్ల తండ్రి మంచినీళ్ళిచ్చాడు గాని మాట ఎత్తలేదు. అత్త నా ఫోన్ని తిట్టి, తప్పంతా దాని మీదికి నెట్టింది. అప్పుడు గడప అవతలి నుంచి పిల్ల అడిగింది.

"మీ ఫోన్లో మా ఊరు నేదా?"

లేదన్నాను.

"ఐతే మేవు నేవా?"

అక్కడే నిలబడి, మ్యాపులో చుక్క పెట్టి, ఊరి పేరు ఆమెనే చెప్పమని అడిగి రాశాను. ఇలా ఎవరైనా పెట్టొచ్చా అని వాళ్ళ నాన్న అడిగాడు. పెట్టొచ్చన్నాను. పెట్టమని నీకెవరు చెప్పారన్నాడు. మీ అమ్మాయేనన్నాను. ఆయన నవ్వాడు. మాలో పిల్లకిచ్చే సొమ్ము, ఓలి, మగవాళ్ళే ఇవ్వాలి. ఎంతో చెప్పమంది అత్త.

"సొమ్మొద్దమ్మా. మా కొండల మీదున్న ఊళ్ళన్నీ అందులో ఎక్కించమను. నిదానంగానే తీర్సుకోమను." తన వేళ్ళూ భార్య వేళ్ళూ చాలక కూతురి వేళ్ళు కూడా కలుపుకుని లెక్కపెట్టాడు. ఇరవై మూడు తేలాయి.

కొన్ని రోజులకు అరకులో సిగ్నల్ కింద నిలబడి మ్యాపు తెరిస్తే, ఆకుపచ్చలో ఆ ఊరు పేరుతో సహా ఉంది. ఇక లోకంలో ఎవరు ఎక్కడ తెరిచినా ఉంటుంది. తూకం దగ్గర జనం పిలుస్తున్నా నాకు వినబడలేదు.

మ్యాపులో ఊరు పెట్టాలంటే మనిషి అక్కడికి నడిచి వెళ్ళాలన్నది నా పట్టుదల. పెళ్ళప్పుడు ఏడాదిలో తీర్చేస్తానని లెక్కలు కట్టి చూపించాను. ఇప్పుడు మీసం నెరిసింది, మోకాళ్ళు నొప్పి. ఆ ఏడాదిని నమ్మిన కుర్రాణ్ణి తలుచుకుంటే ముద్దొస్తాడు. సెలవు దొరికినప్పుడు మా ఆవిడా నేనూ బయల్దేరుతాం. దారి తను అడుగుతుంది, చుక్క నేను పెడతాను. పంతొమ్మిది తీరాయి. ఇంకా నాలుగు ఊళ్ళు బాకీ.