రబ్బరు తొడిగిన కడ్డీ

దెయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. కాశీబుగ్గలో పద్నాలుగేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఉప్పు మళ్ల దగ్గర కొరివిదెయ్యం చూశాం టీచర్ అన్న పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచి, అది ఏ వాయువు అయ్యుంటుందో రాయించిన మనిషిని. ఇది చదివి వాళ్లు నవ్వితే నవ్వనీండి.

మా నాన్న ఉద్దానంలో మా ఇంటి వెనక షెడ్డులో జీడిపిక్కలు కోసే మిషన్లు బాగుచేసేవాడు. డొంకూరు నుంచి పడవ ఇంజన్లు, నౌపడ నుంచి పంపులు కూడా వచ్చేవి. ఉద్దానంలో ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బుతోనే పోయాడు. మా వైపు ఆ మాట చెబితే ఇంకేమీ అడగరు.

అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. తెచ్చుకున్నానే గాని తినిపించలేకపోయాను. నలభై తొమ్మిది కిలోల మనిషి పది నెలల్లో ముప్పై ఎనిమిదికి వచ్చింది. పలాసలో డాక్టరు పరీక్షలన్నీ చూసి "రోగం లేదమ్మా, తిండి లేదు" అన్నాడు. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. రెండు ముద్దలు కెలికి చెయ్యి కడిగేసేది. నాన్న వెనకే అమ్మ కూడా పోతుందని రోజూ భయపడేదాన్ని.

ఆ రోజుల్లోనే తమ్ముడు షెడ్డు ఖాళీ చేస్తూ, ఇనప ముక్కల్ని దవడల మధ్య బిగించి పట్టే నాన్న బెంచి వైస్‌ని పాత ఇనుముకి వేసేస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆటోలో వేయించుకుని మా మేడ మీది వాటాకి తెచ్చేశాను.

ఉప్పు గాలికి తుప్పు పట్టి రెండు దవడలూ కరుచుకుపోయాయి. నాలుగు ఆదివారాలు కిరసనాయిలు పోసి నానబెట్టాను. వైరు బ్రష్షుతో రుద్దాను, స్క్రూకి గ్రీజు పెట్టాను, ఎర్ర రంగు కొట్టాను. స్క్రూ తల కన్నంలో అటూ ఇటూ జారే, బిగించే కడ్డీ వంగిపోయింది. మా ఆయనకి టెక్కలిలో ఉద్యోగం, అక్కడ లేత్ షాపులో కొత్తది చేయించి తెచ్చారు. తిప్పుతుంటే కడ్డీ జారి నా అరచెయ్యి నొక్కేసింది. అందుకని రెండు కొసలకీ లావుపాటి రబ్బరు వాషర్లు తొడిగాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ కడ్డీని ఎంత ఎత్తు నుంచి వదిలినా 'తుప్' అంటుంది, అంతే.

వరండాలో బల్లకి బిగించిన మర్నాడు, బడి నుంచి వచ్చేసరికి కింద ఇంటి ఓనరమ్మ గేటు దగ్గరే పట్టుకుంది.

"ఏటి మేడం, మద్దేన్నం పూట మీ ఇంట్లో ఇనప గంట కొడతన్నారేటి? అప్పుడే కునుకు పట్టింది, టంగుమని లేపీసినారు."

పగలు ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. పైకి వెళ్లి చూస్తే వైస్ పక్కన పళ్లెంలో అన్నం, పప్పు ఉన్నాయి. ముట్టినట్టు లేదు, చీమలు పట్టాయి. వంటింట్లో మాత్రం గిన్నె ఖాళీ. అమ్మ కడుపునిండా తినేసింది.

"మీ నాన్న పిలిసినారు కదే," అంది, మామూలుగా.

అప్పుడు తెలిసింది. నలభై ఏళ్ల కాపురంలో వాళ్లు ఒకరి పేరు ఒకరు పలకలేదు. పని అయ్యాక నాన్న కడ్డీని వదిలేవాడట. అది జారి టంగుమంటే అమ్మ అన్నం పెట్టేది. ఆయన పళ్లెంలో పెట్టాకే ఆవిడ తినేది. ఆ పిలుపు లేక ముద్ద మొదలుపెట్టడం ఆవిడకి చేతకాలేదు. నేనేమో పది నెలలు ఆవిడ మీద కేకలేశాను. సిగ్గేసింది.

సిగ్గు సరే, చప్పుడు సంగతేమిటి? రెండో శనివారం బడి లేదు. ఒంటిగంట నుంచి వైస్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కడ్డీ కదల్లేదు. నాకేమీ వినబడలేదు. ఒకటిన్నరకి వంటింట్లో అమ్మ "ఆ" అని లేచింది. అదే క్షణంలో కింద కుళాయి దగ్గరున్న ఓనరమ్మ తలెత్తి, "మళ్లీనేటి మేడం!" అని అరిచింది.

నేను కడ్డీకి జానెడు దూరంలో ఉన్నాను.

ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. పాఠం చెబుతూ గడియారం చూడడం, ఇంటికి ఫోన్ చెయ్యడం. చివరికి అమ్మకి తెలియకుండా కడ్డీ ఊడదీసి బ్యాగులో పెట్టుకుని బడికి పోయాను. మూడు రోజులు అమ్మ తినలేదు. కడ్డీ లేకపోవడం చూసి బెంగ పెట్టుకుందని సరిపెట్టుకోవచ్చు. కానీ ఓనరమ్మకి నేను తీసిన సంగతి తెలీదు. నాలుగో రోజు ఆవిడే "మూడ్రోజులై పేణానికి సుకంగుంది మేడం" అంది. ఆ సాయంత్రమే తిరిగి తొడిగేశాను. అమ్మ మళ్లీ తిన్నది. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు పెరిగింది. ఏదైతే ఏం, తింటోంది కదా అని నోరు మూసుకున్నాను.

నిన్న సాయంత్రం ఓనరమ్మ అరవలేదు. గొంతు తగ్గించి, "ఇయాల రెండుసార్లు మోగింది మేడం" అంది.

పైన అమ్మ తల దువ్వుకుని, పెట్టెలోంచి కొత్త చీర తీసి కట్టుకుని కూర్చుంది. వైస్ పక్కన నాన్నకి పెట్టే పళ్లెం లేదు. వండినది వండినట్టే ఉంది.

"వినబడలేదా అమ్మా?"

"ఇనబడకేటి? లెగనేదు."

"ఏం?"

"పిలిస్తే ఎల్లకపోతే రెండోసారి వదిలీవోరు. మూడోసారి వదిలీవోరు కారే, ఆయనే లోనకొచ్చీసీవోరు." అమ్మ నవ్వింది. నాన్న పోయాక ఆ నవ్వు చూడ్డం అదే మొదలు. "ఇన్నాళ్లూ పిలిస్తే నానే ఎల్లాను. ఆయన్నే రానీ."

రాత్రంతా ఆలోచించాను. కడ్డీ తీసేస్తే అమ్మ తినదు. తియ్యకపోతే ఏమవుతుందో నా చదువులో ఎక్కడా లేదు. ఇనుము, రబ్బరు, గాలి, అమ్మ మనసు అన్నీ వేసి చూశాను, లెక్క తేలలేదు. ఇవాళ సెలవు పెట్టాను. వరండాలో కడ్డీని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని, ఎడం చేత్తో ఇది ఫోన్‌లో రాస్తున్నాను. ఒకటిన్నర దాటింది. నా చేతికి ఏ కదలికా తెలియలేదు, చెవికి ఏమీ వినబడలేదు. కింద ఓనరమ్మ మాత్రం ఒకసారి మా మెట్ల వైపు చూసి, తన వాకిలి తలుపు వేసేసుకుంది.

అమ్మ దువ్వెన పక్కన పెట్టి, లేచి వచ్చి, మెట్ల వైపు మా తలుపు బార్లా తీసింది.