పథ్యంతో పెరిగిన పొట్ట

మా ఇంట్లో వెల్లుల్లి గడప దాటి లోపలికి రాదు. తరతరాలుగా గుడి కొలువు చేసుకుంటున్న కుటుంబం. ఎవరైనా ఉల్లిపాయ పేరెత్తినా మా అమ్మ లేచి వెళ్ళి నోరు పుక్కిలించుకుని వస్తుంది. కానీ ఇంట్లో బాలింత ఉంటే లెక్క మారిపోతుంది. అప్పుడు వెల్లుల్లి తిండి కాదు, మందు. ఆ మందుకు పెరట్లో వేరే పొయ్యి, వేరే చట్టి, వేరే గరిటె. మా అమ్మాయి ఆడపిల్లను కని ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పూటే మా అమ్మ ఆ పొయ్యి వెలిగించింది.

తిరుచానూరులో మాది పూలంగళ్ళ వెనక వీధి. ఎప్పుడు చూసినా మల్లెలూ మరువమూ గుమ్మెత్తే చోటు. మా పెరటి పొగ తగిలిన మల్లెలు బుట్టలోనే తలలు వాల్చేశాయి. ఎదుటి లాడ్జీలో దిగిన యాత్రికులు గోవిందా అనడానికి నోరు తెరిచి, ముక్కు మూసుకున్నారు. రేణిగుంటలో దిగాల్సిన విమానం మా ఇంటి మీదికి రాగానే మనసు మార్చుకుని మద్రాసుకు పోయిందని నా అనుమానం. నిరూపించలేను.

వెల్లుల్లినైనా భరించవచ్చు, కాయాన్ని భరించలేం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు దంచి, బెల్లం పాకంలో పోసి, నువ్వుల నూనే నెయ్యీ కుమ్మరించి ఉడికించే నల్లటి ముద్ద అది. హైవే వేసేవాళ్ళు చూస్తే ఇంత మంచి తారు ఎక్కడ దొరికిందని అడుగుతారు. అందులో గరిటె నిటారుగా నిలబడుతుంది. పట్టుకుంటే మా అమ్మ కూడా నిలబడుతుంది. పైన తేలిన నూనెలో ఒకసారి నా ముఖం నాకే కనిపించింది. ఆ పూట నాకు ఇడ్లీ దిగలేదు.

పొద్దున కాయం ముద్ద, మధ్యాహ్నం వేడన్నంలో వెల్లుల్లి కారం, మునిగేంత నెయ్యి, రాత్రికి మళ్ళీ అదే. ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలట, పండు తింటే జలుబట, పెరుగు తింటే దగ్గట, పప్పు తింటే కడుపుబ్బరమట. నీళ్ళు తాగితే తల్లికి పొట్ట జారిపోతుందట. అందుకని కాచిన నీళ్ళను బిడ్డకు ఉగ్గు పోసే గిన్నెతో కొలిచి ఇచ్చేది మా అమ్మ, తీర్థం ఇచ్చినట్టు.

మా అమ్మాయి ఏర్పేడు దగ్గర కాలేజీలో పాఠాలు చెప్తుంది. గడ్డాలు పెంచిన కుర్రాళ్ళను కంటిచూపుతో కూర్చోబెట్టే పిల్ల, అవ్వ పళ్ళెం తెస్తుంటే మాత్రం దుప్పటి కప్పుకునేది. కళ్ళు మూసుకుని మింగేది, మింగినంత కక్కేది. పెదవులు పగిలిపోయాయి. పాప పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఏడిస్తే, కాయం చాలలేదని మా అమ్మ ఇంకో ముద్ద పట్టుకొచ్చేది. అక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు.

పాపకు టీకా వేయించడానికి పోయినప్పుడు డాక్టరమ్మ అమ్మాయి పెదవులు చూసి, ఏం తింటున్నావని అడిగింది. మా పథ్యమంతా విని చెప్పింది. తల్లి తిన్న తిండి రుచి కొంత పాలల్లోకి వస్తుందట. ఆకుకూరల రుచి ఇప్పుడే ఎరిగిన పిల్లలు, రేపు అన్నంలో కలిపి పెడితే ఉమ్మేయకుండా తినే అవకాశం ఎక్కువట. ఆ అలవాటే పెద్దయ్యాక జబ్బుల నుంచి కాపాడుతుందట. మీ ఇంట్లో చక్కెర జబ్బు ఎవరికైనా ఉందా అని అడుగుతూ నా పొట్ట చూసింది. జవాబు కోసం ఆగలేదు. అన్నీ తినమని, దాహమైనన్ని నీళ్ళు తాగమని చెప్పి పంపింది.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే మా అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆ డాక్టరమ్మ పుట్టకముందే బిడ్డల్ని కన్నదాన్ని నేను. తల్లి తిన్నదే బిడ్డకు వొంటబడతాదని నేనూ అదే జెప్తా ఉండా గదా. ఇదే పథ్యం పట్టి మీ నాయన్ని పెంచినా. సూడు, ఎట్లుండాడో."

ఇద్దరూ నన్ను చూశారు. అన్నానికి ముందు వేసుకోవాల్సిన చక్కెర మాత్ర నా నోట్లో ఉంది, బీపీ మాత్ర అరచేతిలో ఉంది. నా పొట్ట ఎప్పటిలాగే నాకంటే ముందొచ్చి కూర్చుని ఉంది. ఎదురుగా పళ్ళెంలో తోటకూర వేపుడు. యాభై దాటినా నాకు ఆకుకూర సయించదు కాబట్టి, దాన్ని పళ్ళెం అంచు దాకా తోసి పెట్టి ఉన్నాను.

"నాయన్ని సూసే అవ్వా, నేను వొద్దంటా ఉండేది," అంది అమ్మాయి.

మాత్ర మింగడం మరిచిపోయాను. అది నాలుక మీదే కరిగి, నోరంతా విషమైంది.

మా అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. ఎవరినీ చూడకుండా, తన బాలింతనాటి సంగతి చెప్పింది. అత్త నీళ్ళ చెంబును అందకుండా అటక మీద పెట్టేదట. దాహానికి తాళలేక, తల తుడుచుకున్న తడి గుడ్డ కొస నోట్లో పెట్టుకుని చప్పరించేదట. సీకాయ చేదుగా ఉండేదట. వెల్లుల్లి పొగకూ కాయం నూనెకూ పుట్టని రోత ఆ మాటకు పుట్టింది నాకు. గుడ్డ మీద కాదు, ఆ అటక మీద. ఆ పాలు తాగే కదా నేను ఇంత అయింది.

అమ్మ లేచి వెళ్ళి చెంబు నిండా నీళ్ళు తెచ్చి మనవరాలి చేతిలో పెట్టింది.

"తాగమ్మా. సూసేదానికి మాయత్త ల్యాదు గదా ఇప్పుడు."

అమ్మాయి ఎత్తిన చెంబు దించలేదు. నీళ్ళు గడ్డం మీదుగా కారి రవిక తడిసిపోయింది.

మర్నాడు కూడా పెరటి పొయ్యి వెలిగింది. మా అమ్మ ఒక్కసారిగా ఓడిపోయే మనిషి కాదు. అదే చట్టిలో నాలుగు వెల్లుల్లి పాయలు పడేసి తోటకూర పప్పు చేసింది. నాకోసం లోపలి పొయ్యి మీద వెల్లుల్లి లేకుండా ఇంకో గిన్నెడు చేసి, పాపతో పాటు నువ్వూ నేర్సుకోరా అని నా ముందు పెట్టి, కదలకుండా కూర్చుంది. నాకది గోనెసంచిని నానబెట్టి, రుబ్బి, తాలింపు పెట్టినట్టుంది. నాలుక దాన్ని దంతాల మీదికి తోస్తే, దంతాలు తిరిగి నాలుక మీదికి తోశాయి.

అమ్మాయి మారు వడ్డించుకుని తిని, చేయి కడుక్కుని, లోపలికి పోయి పాపను ఎత్తుకుంది. పాలల్లో ఆ ఆకు రుచి ఎప్పటికి దిగుతుందో నాకు తెలియదు గానీ, పాప ఏడవకుండా చివరిదాకా తాగింది. నేను ఇంకా మొదటి ముద్దే నములుతున్నాను.